సేవా క్లబ్బులో చేరి, ఒక కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరి దాకా నడపడం ఎలా?

సేవా క్లబ్బుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలు దాదాపుగా రెండింటి చుట్టూనే తిరుగుతుంటాయి. చేరాలని ఉంది గానీ చేరాక ఏం చేయాలో తెలియదు అనేది మొదటిది. కార్యక్రమం చేశాం, జనం వచ్చారు, ఫొటోలు బాగానే ఉన్నాయి, అయినా ఎవరికి ఏం మేలు జరిగిందో చెప్పలేకపోతున్నాం అనేది రెండవది. రెండవ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది తమ శక్తినంతా కార్యక్రమం జరిగే ఆ ఒక్క రోజు మీదే పెట్టి ఉంటారు. పని నిలబడేదీ చెడిపోయేదీ దానికి ముందున్న వారాల్లో, ఆ తర్వాత వచ్చే వారాల్లో. ఈ మార్గదర్శి కూడా వాటి మీదే ఎక్కువగా నిలుస్తుంది.

రోటరీ, లయన్స్, కివానిస్ వంటి అంతర్జాతీయ సంస్థలకు చెందిన క్లబ్బు అయినా, కొంతమంది కలిసి రిజిస్టరు చేయించుకున్న స్వతంత్ర సంఘమైనా పనుల వరుస ఒకటే. పదవుల పేర్లు, నింపవలసిన ఫారాలు మాత్రం మారతాయి.

## 1. చేరే ముందు చూసుకోవలసినవి

రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో సభ్యత్వం సాధారణంగా ఆహ్వానం మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పటికే ఉన్న సభ్యుడు మీ పేరు ప్రతిపాదిస్తే కార్యవర్గం ఆమోదిస్తుంది. అలాగని ఎవరో పిలిచేదాకా ఎదురుచూడనక్కరలేదు. కార్యదర్శిని కలిసి, అతిథిగా రెండు మూడు సమావేశాలకు రావచ్చా అని అడిగితే కాదనే క్లబ్బు అరుదు.

వయసును బట్టి కూడా దారులు వేరు. 12 నుంచి 18 ఏళ్ల వారికి రోటరీలో ఇంటరాక్ట్ క్లబ్బులు, 18 దాటినవారికి రోటరాక్ట్ క్లబ్బులు ఉంటాయి. లయన్స్ అనుబంధ లియో క్లబ్బులు 12 నుంచి 30 ఏళ్ల మధ్యవారిని చేర్చుకుంటాయి. సభ్యత్వమే వద్దు, అప్పుడప్పుడు వచ్చి పని చేస్తానన్నా చాలా క్లబ్బులు సంతోషంగా ఒప్పుకుంటాయి. ఆ మాట ముందే చెప్పడం ఇద్దరికీ మంచిది.

అతిథిగా వెళ్లినప్పుడు ఈ విషయాలు కనుక్కోండి:

- వార్షిక చందా ఎంత, అందులో ఎంత పై సంస్థకు వెళుతుంది, అది కాక ఏటా ఇంకేమేం ఇవ్వవలసి వస్తుంది?
- సమావేశాలు ఎన్నాళ్లకొకసారి, ఏ వేళ జరుగుతాయి? రాలేకపోతే ఏమవుతుంది?
- గత సంవత్సరం చేసిన పనుల్లో ఈ సంవత్సరం కూడా కొనసాగుతున్నవి ఏవి?
- లెక్కలు సభ్యులందరి ముందు పెడతారా?

నా దృష్టిలో మూడవ ప్రశ్న అన్నిటికన్నా విలువైనది. ఏటా అధ్యక్షుడు మారగానే పాత పనులన్నీ ఆగిపోయే క్లబ్బులో ఎంత ఉత్సాహంతో చేరినా రెండేళ్లలో నీరసం వస్తుంది.

ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రోటరీ, లయన్స్ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కివానిస్ సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. కొత్త కార్యవర్గం ఆ తేదీన బాధ్యతలు తీసుకుంటుంది కాబట్టి, మీ మనసులో ఒక ప్రతిపాదన ఉంటే ఆ తేదీకి రెండు నెలల ముందే కాబోయే అధ్యక్షుడితో మాట్లాడాలి. సంవత్సరం సగమయ్యాక తెచ్చిన ప్రతిపాదనకు మనసు దొరకవచ్చు గాని డబ్బు దొరకదు.

## 2. కొత్త సభ్యుడికి మొదటి మూడు నెలలు

చేరిన వెంటనే మూడు నాలుగు కమిటీల్లో పేరు ఇచ్చి, ఆ తర్వాత దేనికీ వెళ్లలేక మొహం చాటేసేవారిని ప్రతి క్లబ్బూ చూసి ఉంటుంది. ఒక్క కమిటీని ఎంచుకోండి. అందులోనూ చిన్నదైనా పూర్తిగా మీ చేతిలో ఉండే పనిని అడిగి తీసుకోండి: నమోదు పుస్తకం రాయడం, సామాను జాబితా చూసుకోవడం, వచ్చినవారికి తర్వాత ఫోన్ చేయడం వంటివి.

నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరో నిజాయితీగా లెక్క వేసి కన్వీనరుకు చెప్పండి. నాలుగు గంటలే అయినా తప్పకుండా వచ్చే మనిషి మీద ఆధారపడవచ్చు; ఎప్పుడు వస్తాడో తెలియని మనిషి ఎంత సమర్థుడైనా అతని కోసం ఇంకొకరిని సిద్ధంగా ఉంచవలసి వస్తుంది.

మీ వృత్తి నైపుణ్యాన్ని కూడా మొదటే తెలియజేయాలి. లెక్కలు రాయగలవారు, వాహనం నడపగలవారు, సంకేత భాష వచ్చినవారు, ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవారు క్లబ్బులో ఉండి కూడా ఎవరికీ తెలియకపోవడం తరచుగా జరిగేదే.

## 3. అవసరం ఏమిటో అడిగి తెలుసుకోవడం

చాలా కార్యక్రమాలు ఇక్కడే దారి తప్పుతాయి. క్లబ్బు దగ్గర ఏముందో దానిని పంచడం, దాత ఏమిచ్చాడో దానికి తగినవారిని వెతకడం తేలిక. దుప్పట్లు వచ్చాయి కాబట్టి దుప్పట్లు పంచుతారు. ఒక పాఠశాలకు కంప్యూటర్లు ఇస్తారు. అక్కడ వాటిని నేర్పేవారు లేరనీ, కరెంటు నిలకడగా ఉండదనీ ఆ తర్వాత తెలుస్తుంది.

కార్యక్రమం అనుకోకముందే కనీసం మూడు రకాల మనుషులతో మాట్లాడండి: సాయం అందుకోవలసినవారు, వారితో రోజూ పనిచేసేవారు (ఉపాధ్యాయులు, నర్సులు, ఆశ్రమ నిర్వాహకులు), ఇదే రంగంలో ఇప్పటికే పనిచేస్తున్న మరొక సంస్థ. మూడవవారిని కలవడానికి క్లబ్బులు మొహమాటపడతాయి గాని, ఒకే వారంలో ఒకే చోట రెండు ఆరోగ్య శిబిరాలు పెట్టుకోవడం కన్నా ఆ పలకరింపే నయం.

అడిగే తీరులో కూడా జాగ్రత్త అవసరం. “మీకు దుప్పట్లు కావాలా?” అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. “ఈ నెలలో మీకు బాగా ఇబ్బంది పెట్టిన విషయం ఏమిటి?”, “దానికి ఇంతవరకు ఎవరి దగ్గరికి వెళ్లారు?”, “అక్కడ ఎందుకు కాలేదు?” అని అడగండి. మూడవ ప్రశ్నకు వచ్చే జవాబులోనే సాధారణంగా క్లబ్బు చేయదగిన పని దొరుకుతుంది. ఆసుపత్రిలో చికిత్స ఉచితమే, కాని అక్కడి దాకా తీసుకెళ్లే మనిషి లేడని వృద్ధులు చెబితే, మీరు చేయవలసింది మరొక శిబిరం కాదు, వారానికోసారి వాహనం, తోడుగా ఒక మనిషి.

విన్న మాటలను అదే రోజు రాసిపెట్టుకోండి. సమావేశంలో చర్చ వచ్చినప్పుడు “నాకు తెలిసి వాళ్లకు కావలసింది ఇది” అనే గట్టి గొంతు ముందు ఆ కాగితమే మీకు ఆధారం.

## 4. ఒక పేజీ ప్రతిపాదన

ప్రతిపాదన పొడుగ్గా ఉండనక్కరలేదు. ఒక పేజీలో ఈ అంశాలు ఉంటే కార్యవర్గం అరగంటలో నిర్ణయం తీసుకోగలుగుతుంది:

- ఎవరి కోసం, వారు సుమారు ఎంతమంది, వారితో ఎవరు మాట్లాడారు
- ఏం చేయబోతున్నాం, ఏం చేయబోవడం లేదు
- తేదీ, స్థలం, ప్రత్యామ్నాయ తేదీ
- ఖర్చు అంచనా, డబ్బు వచ్చే దారి
- ఎంతమంది కార్యకర్తలు, ఎన్ని గంటలు
- బాధ్యుడు ఒక్కరు, ఆయన లేకపోతే చూసుకునేవారు ఒక్కరు
- పని ఫలించిందని ఎలా తెలుస్తుంది, ఎప్పుడు చూస్తాం

“ఏం చేయబోవడం లేదు” అనే మాటను కొట్టేయకండి. కంటి పరీక్షా శిబిరం అని ప్రకటించగానే రక్తపోటు చూడమని, పంటినొప్పికి మందు ఇవ్వమని అడిగేవారు వస్తారు. హద్దు ముందే రాసుకున్న క్లబ్బు వారిని మర్యాదగా సరైన చోటికి పంపగలుగుతుంది. రాసుకోని క్లబ్బు అప్పటికప్పుడు తొందరపడి మాట ఇచ్చేస్తుంది.

ఆమోదం నోటిమాటగా వదిలేయకుండా తీర్మానంగా మినిట్స్‌లో రాయించాలి. ఖర్చు పరిమితి కూడా ఆ తీర్మానంలోనే ఉండాలి.

## 5. డబ్బు వ్యవహారం

క్లబ్బు నిర్వహణ డబ్బును, ప్రజల నుంచి సేకరించిన డబ్బును వేరువేరు ఖాతాల్లో ఉంచాలి. సభ్యుల చందాలతో సమావేశాల ఖర్చు, పై సంస్థకు కట్టవలసిన రుసుము నడపవచ్చు. ప్రజలు సేవకోసం ఇచ్చిన డబ్బు సేవకే వెళ్లాలి, దానితో క్లబ్బు విందు చేసుకోకూడదు. లయన్స్ నియమాలు ఈ విభజనను స్పష్టంగా కోరతాయి. స్వతంత్ర సంఘాలు తమంతట తామే పాటించాలి.

పాటించవలసిన పద్ధతులు:

1. బ్యాంకు ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం వారు కాకూడదు.
2. వచ్చిన ప్రతి మొత్తానికి వరుస నంబరున్న రసీదు, వెళ్లిన ప్రతి మొత్తానికి బిల్లు జతపరచిన ఓచరు ఉండాలి.
3. నగదు పెట్టెను ఇద్దరు కలిసి తెరవాలి, ఇద్దరూ వేరువేరుగా లెక్కపెట్టాలి. రెండు లెక్కలూ కలిశాక మొత్తాన్ని కవరు మీద రాసి, అంటించి, అతికించిన చోట ఇద్దరూ సంతకం చేయాలి. ఆ కవరు ఎవరి ఇంట్లోనూ రోజుల తరబడి ఉండకూడదు.
4. సొంత డబ్బు ఖర్చు పెట్టిన సభ్యుడికి వారంలోగా తిరిగి చెల్లించాలి. ఆలస్యమైతే బిల్లు పోతుంది, తర్వాత మనసులు చెడతాయి.
5. వస్తురూపంలో వచ్చిన విరాళాలకు కూడా రిజిస్టరు ఉండాలి.

కోశాధికారిని అనుమానించడానికి పెట్టిన నియమాలు కావు ఇవి. ఎవరైనా వేలెత్తి చూపినప్పుడు ఆయనను కాపాడేవి ఇవే.

అంచనాలో పదో వంతు అనుకోని ఖర్చులకు అట్టేపెట్టండి. బ్యానర్లు, వేదిక, జ్ఞాపికల ఖర్చును విడిగా ఒక వరుసలో చూపండి. ఆ అంకె పక్కన లబ్ధిదారులకు చేరే అంకె కనిపిస్తే ఏది తగ్గించాలో ఎవరూ చెప్పనక్కరలేదు.

## 6. అనుమతులు, భద్రత, గోప్యత

స్థలం యజమాని లేదా స్థానిక అధికారుల అనుమతిని లిఖితపూర్వకంగా తీసుకోండి. జనం గుమిగూడే చోట ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరలోని ఆసుపత్రి ఫోన్ నంబరు, అంబులెన్సు లోపలికి వచ్చే దారి ముందే చూసుకోవాలి. బీమా అవసరమా అనేది మీ దేశపు నియమాలను, మీ పై సంస్థ నియమాలను బట్టి తేల్చుకోండి.

పిల్లలతో పనిచేసేటప్పుడు ఏ పెద్దమనిషీ ఒక పిల్లవాడితో ఒంటరిగా, ఇతరుల కంటికి కనబడని చోట ఉండకూడదు. ఎంత పాత సభ్యుడైనా ఈ నియమానికి మినహాయింపు ఇవ్వకండి. ఆయనను నొప్పించడం ఇష్టం లేకపోతే, నియమం అందరికీ ఒకటేనని మొదటి రోజే చదివి వినిపించండి.

ఫొటోల సంగతి కూడా ఇందులోకే వస్తుంది. సాయం అందుకుంటున్న మనిషి మొహం కనబడేలా ఫొటో తీయాలంటే ముందు అడగాలి, కాదంటే మానాలి, కాదన్నందుకు సాయం తగ్గకూడదు. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. పది చేతులు పట్టుకున్న ఒక్క సంచీ ఫొటో క్లబ్బుకు గౌరవం తెస్తుందని ఇంకా నమ్మేవారున్నారు, నేను నమ్మను.

## 7. కార్యకర్తలను కూర్చుకోవడం

“అందరూ రండి, అందరం కలిసి చేద్దాం” అనే పిలుపుకు వచ్చేవారు వస్తారు, వచ్చాక ఏం చేయాలో తెలియక గుంపుగా నిలబడతారు. దాని బదులు పనులను ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ పేరు రాయండి.

పెద్ద కార్యక్రమానికి మూడు గంటలకొక బృందం మారేలా చూసుకుంటే మంచిది. ప్రతి ఐదారుగురికీ ఒక నాయకుడు ఉండాలి. అనుకున్నవారిలో కొందరు చివరి నిమిషంలో రాలేకపోవడం సహజం కాబట్టి అదనంగా కొందరిని సిద్ధంగా ఉంచుకోండి.

ముందురోజు ఇచ్చే పావుగంట వివరణలో ఈ విషయాలు రావాలి:

- ఎక్కడికి, ఎప్పటికి రావాలి, ఎవరికి కనబడాలి
- తన పని ఏమిటి, ఏది తన పని కాదు
- తనకు జవాబు తెలియని ప్రశ్న వస్తే ఎవరి దగ్గరికి పంపాలి
- ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే మొదట ఏం చేయాలి
- విన్న ఆరోగ్య వివరాలు, కుటుంబ వివరాలు బయట మాట్లాడకూడదు

## 8. వెనుక నుంచి లెక్కించే కాలపట్టిక

తేదీ నిర్ణయించాక దాని నుంచి వెనక్కి నడుస్తూ పనులు పంచుకోండి.

ఎనిమిది వారాల ముందు: అవసరం తేల్చుకోవడం, ప్రతిపాదన, తీర్మానం.

ఆరు వారాల ముందు: స్థలం, అనుమతులు, వైద్య బృందం లేదా భాగస్వామి సంస్థతో రాతపూర్వక ఒప్పందం.

నాలుగు వారాల ముందు: కార్యకర్తల జాబితా, నిధుల సేకరణ, సామాను ఆర్డరు.

రెండు వారాల ముందు: ప్రచారం. కరపత్రం మీద ఎవరు రావాలి, ఏం తెచ్చుకోవాలి, ఏ వేళకు రావాలి అనేవి పెద్ద అక్షరాల్లో ఉండాలి. కార్యవర్గం పేర్లు చిన్నగా ఉన్నా నష్టం లేదు.

రెండు రోజుల ముందు: ప్రతి కార్యకర్తకూ ఫోన్. గుంపు సందేశం పెట్టి ఊరుకుంటే చూసినవారెవరో, వస్తామన్నవారెవరో తేలదు.

ముందురోజు సాయంత్రం: స్థలానికి స్వయంగా వెళ్లి నీళ్లు, వెలుతురు, మరుగుదొడ్లు, చక్రాల కుర్చీ వెళ్లే దారి చూడాలి.

## 9. ఆ రోజున: రెండు శిబిరాల ఉదాహరణ

### రక్తదాన శిబిరం

రక్తం సేకరించేది అనుమతి పొందిన రక్తనిధి కేంద్రపు వైద్య బృందం మాత్రమే. దాతలను సమీకరించడం, స్థలం, క్రమశిక్షణ, ఆతిథ్యం క్లబ్బు పని.

దాతలకు ముందే చెప్పవలసిన అర్హతలు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం సాధారణంగా వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య, బరువు కనీసం 50 కిలోలు ఉండాలి. హిమోగ్లోబిన్ డెసీలీటరుకు స్త్రీలకు 12, పురుషులకు 13 గ్రాములకు తగ్గకూడదు. రెండు దానాల మధ్య పురుషులకు 12 వారాలు, స్త్రీలకు 16 వారాలు ఎడం ఉండాలి. దేశాన్ని బట్టి ఈ అంకెల్లో తేడాలుంటాయి కాబట్టి, కరపత్రం అచ్చు వేయించే ముందు మీతో కలిసి పనిచేసే రక్తనిధి కేంద్రానికి చూపించండి. అర్హత తెలియక వచ్చి, వరుసలో గంట నిలబడి, తిరిగి వెళ్లిపోయిన మనిషి మరోసారి రాడు.

నమోదు బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. చదవడం రాని వ్యక్తికి ఫారం నింపిపెడుతున్న కార్యకర్త గట్టిగా అడుగుతాడు: “ఇంతకుముందు కామెర్లు వచ్చాయా? ఏమైనా మందులు వాడుతున్నారా?” వెనుక ఉన్న పదిమంది వింటారు. ఆ మనిషి తల అడ్డంగా ఊపుతాడు, నిజమైనా కాకపోయినా. ఆరోగ్య ప్రశ్నల బల్లను నమోదు బల్లకు దూరంగా, వరుసకు వీపు వచ్చేలా వేస్తే ఈ ఒక్క మార్పుతో జవాబుల నాణ్యత మారిపోతుంది. రేపు ఆ రక్తం ఎక్కించుకోబోయే రోగి భద్రత కూడా ఆ జవాబు మీదే ఆధారపడి ఉంది.

దానం అయ్యాక దాతను పది పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి తాగడానికి ఏదైనా ఇవ్వాలి. కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తిపెట్టి, వైద్య సిబ్బందిని పిలవాలి. ఆ రోజంతా బరువులు ఎత్తవద్దని చెప్పి పంపాలి. విశ్రాంతి బల్ల దగ్గర ఎప్పుడూ ఒక కార్యకర్త ఉండాలి. ప్రారంభోత్సవ ఫొటో కోసం ఆయనను కూడా పిలుచుకుపోవడం తరచుగా జరిగే పొరపాటు.

తేదీ విషయంలో ఒక సలహా. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినోత్సవం కావడంతో చాలామంది అదే రోజున శిబిరం పెడతారు. ఎర్రకణాలు నిల్వ ద్రావణంలో శీతలీకరించినా సుమారు 42 రోజులు, ప్లేట్‌లెట్లు ఐదు నుంచి ఏడు రోజులు మాత్రమే నిలవుంటాయి. ఒకే వారంలో గుట్టగా వచ్చిన రక్తం ఆ తర్వాతి కొరతను తీర్చదు. మీకు ఏ నెలలో రక్తం తక్కువపడుతుంది అని రక్తనిధి కేంద్రాన్ని అడిగి, ఆ నెలలో పెట్టండి. ఏడాదిలో ఒక పెద్ద శిబిరం కన్నా మూడు చిన్న శిబిరాలు మేలు.

దానానికి డబ్బు గాని, డబ్బుగా మార్చుకోగల బహుమతి గాని ప్రకటించకండి. దాని కోసం ఆరోగ్య వివరాలు దాచేవారు వస్తారు.

### కంటి పరీక్షా శిబిరం

ఇక్కడ స్థలమే సగం పని. దూరదృష్టి పట్టికను సాధారణంగా 6 మీటర్ల దూరం నుంచి చదివిస్తారు. అంత పొడవున్న గది, పట్టిక మీద సమానంగా పడే వెలుతురు కావాలి. 6 మీటర్లను అడుగులతో అంచనా వేయక టేపుతో కొలిచి నేల మీద గీత గీయండి. ఒక్కొక్క కన్ను విడిగా చూడాలి. రెండవ కంటిని అరచేతితో మూస్తే వేళ్ల సందుల్లోంచి కనిపిస్తుంది కాబట్టి అట్టముక్కతో మూయించాలి. ఇప్పటికే అద్దాలు వాడేవారు వాటిని తెచ్చుకోవాలని ప్రచారంలోనే చెప్పాలి.

సాధారణంగా 40 ఏళ్లు దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. అలాంటివారిలో చాలామందికి చదువుకునే అద్దాలు చాలు. కంటిలో శుక్లం ఉన్నట్టు అనుమానం వచ్చినవారిని, మధుమేహం ఉన్నవారిని చీటీ రాసిచ్చి నేత్రవైద్యుడి దగ్గరికి పంపాలి. నిర్ధారణ వైద్యుడిది, కార్యకర్తలు ఎవరికీ జబ్బు పేరు చెప్పకూడదు.

అసలు పని ఆ చీటీ చేతికిచ్చాక మొదలవుతుంది. ఆసుపత్రికి వెళ్లమని రాసిచ్చిన వారిలో ఎంతమంది నిజంగా వెళతారో వెంటబడి చూసిన క్లబ్బుకే తెలుస్తుంది. తోడు లేక, కూలి పోతుందని, ఆపరేషన్ అంటే భయం వల్ల ఆగిపోయేవారు ప్రతి శిబిరంలోనూ ఉంటారు. అందుకే ప్రతి చీటీకి ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, పేరు పక్కన మూడు గడులు గీయండి: వెళ్లారా, చికిత్స జరిగిందా, తర్వాత మళ్లీ చూపించుకున్నారా. ప్రతి కార్యకర్తకూ పదిమంది చొప్పున పంచి, మూడు గడులూ నిండేదాకా ఫోన్ చేయించండి. నివేదికలో “ఇంతమందిని పరీక్షించాం” అనే అంకె కన్నా “ఇంతమందికి చూపు వచ్చింది” అనే అంకె రాయాలి. అది చిన్నగా ఉంటుంది, ఉండనివ్వండి.

మొక్కలు నాటడానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. నాటిన మొక్కలను కాదు, రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవాటిని లెక్కపెట్టాలి. నీళ్లు పోసేవారి పేర్లు, కంచె ఖర్చు ప్రతిపాదనలో లేకపోతే ఆ కార్యక్రమాన్ని ఆమోదించకండి.

భోజనం పంచేటప్పుడు వండిన పదార్థాన్ని మామూలు వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. వేడిగా వడ్డించేదైతే 60 డిగ్రీల సెల్సియస్ పైన, చల్లగా ఉంచేదైతే 5 డిగ్రీల లోపు ఉండాలి. విందుల్లో మిగిలినది తెచ్చి పంచేవారు అది వండిన వేళను తప్పక అడగాలి. ఎవరూ చెప్పలేకపోతే తీసుకోకూడదు.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

ముఖ్య అతిథి కోసం వేచి ఉండటం. పరీక్షలకు వచ్చినవారు ఎండలోనో చలిలోనో నిలబడి ఉంటే ప్రారంభోత్సవం ఆలస్యమవుతుంది. దిద్దుబాటు సులువు: పని అనుకున్న వేళకే మొదలుపెట్టండి, అతిథి వచ్చినప్పుడు నడుస్తున్న పనిని చూపించండి. ప్రసంగాలు తప్పవనుకుంటే చివర్లో పెట్టుకోండి.

అన్నీ ఒకరే చేయడం. క్లబ్బులో ఒకరిద్దరే మోస్తున్నారంటే మిగతావారు సోమరులని కాదు, వారికి పని స్పష్టంగా అప్పగించలేదని అర్థం కావచ్చు. ప్రతి బాధ్యుడి పక్కన నేర్చుకునే మనిషిని ఒకరిని పెట్టండి.

వచ్చినవారు అనుకున్నదానికి రెట్టింపు కావడం. వరుసలో అందరినీ నిలబెట్టి చివరికి సామాను అయిపోయిందని చెప్పడం కన్నా అన్యాయం లేదు. మొదటే టోకెన్లు ఇవ్వండి. టోకెన్లు అయిపోయాక వచ్చినవారి పేర్లు రాసుకుని మరొక తేదీ చెప్పండి, ఆ తేదీన తప్పకుండా వెళ్లండి.

ఎవరూ రాకపోవడం. కారణం చాలావరకు వేళ. పనికి వెళ్లేవారికి పనిరోజు ఉదయం పనికిరాదు. కార్యక్రమం ఆపకుండా, ఉన్న బృందాన్ని రెండుగా చేసి సగాన్ని ఇళ్లకు పంపి పలకరించమనండి. వచ్చేసారికి ఏ వేళ కుదురుతుందో కూడా తెలుస్తుంది.

కార్యకర్తల మధ్య మాట పట్టింపు. అక్కడికక్కడ తీర్పు చెప్పబోకండి. ఇద్దరినీ వేరువేరు పనుల్లో పెట్టి, మరుసటి రోజు విడివిడిగా మాట్లాడండి.

## 11. కార్యక్రమం ముగిశాక

మొదటి రెండు రోజుల్లో స్థలం శుభ్రం చేసి అప్పగించడం, అరువు తెచ్చిన సామాను తిరిగి ఇవ్వడం, స్థలం ఇచ్చినవారికి, వైద్య బృందానికి, కార్యకర్తలకు పేరుపేరునా ధన్యవాదాలు చెప్పడం పూర్తికావాలి.

వారంలోగా లెక్కలు మూసి, ఆదాయ వ్యయాల పట్టికను సభ్యులందరికీ పంపాలి. మిగిలిన డబ్బు ఉంటే దానిని దేనికి వాడతారో దాతలకు తెలియజేయాలి. ఒక పనికి ఇచ్చిన డబ్బును వారికి చెప్పకుండా మరొక పనికి మళ్లించకూడదు.

రెండు వారాల్లోగా పనిచేసినవారంతా ఒక గంట కూర్చోవాలి. ఎవరి తప్పు అని కాక, ఏ వేళకు ఏ చోట పని ఆగింది అని అడగండి. నమోదు దగ్గరా, వైద్యుడి దగ్గరా, మందుల బల్ల దగ్గరా అన్నది తేలితే దిద్దుబాటు దానంతటదే కనబడుతుంది. సాయం అందుకున్నవారిలో ఇద్దరినైనా ఆ సమావేశానికి పిలవండి. వారు మొదట అంతా బాగుందనే అంటారు, “ఎంతసేపు నిలబడ్డారు?”, “ఎవరైనా విసుక్కున్నారా?” అని అడిగితే అప్పుడు మాట్లాడతారు.

చివరిగా, వచ్చే ఏడాది కార్యవర్గానికి అప్పగించడానికి ఒక ఫైలు తయారు చేయాలి. అందులో ఉండవలసినవి:

- తీర్మానం, ప్రతిపాదన, ఆదాయ వ్యయాల పట్టిక
- అనుమతి పత్రాల నకళ్లు, ఎవరి దగ్గర ఎన్ని రోజులు పట్టిందో గమనిక
- కార్యకర్తల జాబితా, ఎవరికి ఏ పని బాగా వచ్చిందో ఒక్కొక్క వాక్యం
- సామాను ఎక్కడ, ఎంతలో దొరికింది
- వెంటబడి చూడవలసినవారి జాబితా, ఇంకా నిండని గడులు, వాటిని చూసుకునే మనిషి పేరు

జాబితాలో ఆరోగ్య వివరాలు ఉంటే ఆ కాగితాలను తాళం వేసి, పని పూర్తయ్యాక చించేయండి. మిగతా ఫైలును పదవీ బాధ్యతలు మారే రోజున కాక, కనీసం నెల ముందు అందజేయండి. కొత్త కార్యదర్శి చదివి సందేహాలు అడగడానికి అప్పటికి మీరింకా పదవిలోనే ఉంటారు.